‘గోరా’ నవలలో బ్రహ్మసమాజం: జిజ్ఞాస, ఉదారత, వాటి పరిమితులు

వ్యాససంగ్రహం:

రవీంద్రనాథ ఠాగూర్ ‘గోరా’ నవలను సాధారణంగా జాతీయతా నవలగా, అస్తిత్వాన్వేషణ నవలగా పరిశీలిస్తారు. ఒక ఉదారవాద మతసమాజం తనకు ఎదురైన మార్పును ఎలా స్వీకరించింది, ఎక్కడ నిరాకరించింది అన్న ప్రశ్న కూడా ఈ నవలకు కేంద్రమే. బ్రహ్మసమాజ చరిత్ర నేపథ్యంలో పరేశబాబు, హారాన్‌బాబు, వరదాసుందరి పాత్రలను పరిశీలించి, ఉదారత ఒక గుర్తింపుగా గడ్డకట్టినప్పుడు అది జిజ్ఞాసను కోల్పోతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఉదార సమాజానికి అసలు పరీక్ష బయటి ఛాందసం నుంచి రాదు. తన బోధను తనకంటే ముందుకు తీసుకువెళ్లిన సొంత బిడ్డల నుంచే వస్తుంది. తెలుగునేలపై బ్రహ్మసమాజ ప్రభావాన్ని అంచనా వేయడానికి ఈ దృష్టి ఎలా తోడ్పడుతుందో చివరి భాగంలో సూచించబడింది.

కీలకపదాలు: గోరా, ఠాగూర్, బ్రహ్మసమాజం, ఉదారవాదం, జిజ్ఞాస, పరేశబాబు, కన్యాశుల్కం, చలం.

1. ఉపోద్ఘాతం:

‘గోరా’ 1907 నుంచి ‘ప్రవాసి’ పత్రికలో ధారావాహికగా వెలువడి, 1910లో పుస్తకరూపం పొందింది. కథాకాలం దానికి దాదాపు మూడు దశాబ్దాల ముందటిది. 1857 తిరుగుబాటు రోజుల్లో పుట్టిన గోరా యువకుడైన నాటి కలకత్తా ఇందులోని రంగస్థలం. హిందూ ఆచారాలను పట్టుదలతో సమర్థించే గోరా, అతని మిత్రుడు వినయ్ ఒక వైపు. బ్రహ్మసమాజీకుడైన పరేశబాబు కుటుంబం మరొక వైపు. ఈ రెండు లోకాల రాకపోకలే కథను నడిపిస్తాయి.

గోరా జన్మరహస్యం బయటపడే ముగింపు ఘట్టం ఎంతో ప్రసిద్ధం కావడం వల్ల విమర్శ దృష్టి సహజంగానే అతని మీద నిలిచింది. అయితే నవలలో గోరా ఎంత మారుతాడో, పరేశబాబు ఇల్లు కూడా అంతగా కదిలిపోతుంది. కులభేదాన్ని కాదని, విగ్రహారాధనను విడిచి, స్త్రీవిద్యను ఆహ్వానించిన ఇల్లు అది. అటువంటి ఇంట్లోనే ఒక పెళ్లి కల్లోలం రేపుతుంది. సంస్కరణను కోరిన సమాజమే సంస్కరణకు జడిసిన ఆ సందర్భాన్ని అర్థం చేసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. బ్రహ్మసమాజం - చీలికల చరిత్ర:

రామమోహనరాయ్ 1828లో కలకత్తాలో బ్రహ్మసభను స్థాపించాడు. 1830లో ప్రార్థనామందిరం కోసం రాయించిన ధర్మకర్తృత్వ పత్రంలో రెండు అంశాలు గమనించదగినవి. మొదటిది, నిరాకారుడైన ఈశ్వరుని ఉపాసన కోసం మర్యాదగా వచ్చే ఎవరికైనా ఆ మందిరం తెరిచి ఉండాలి. రెండవది, అక్కడ విగ్రహానికి తావు లేకపోయినా, ఏ మానవ సమూహం పూజించే ఏ వస్తువునూ ఆ మందిరంలో తూలనాడకూడదు. తనది కాని ఆరాధనను స్వీకరించనక్కర లేదు, కాని అవమానించరాదు అన్న ఈ నియమం ‘గోరా’ నవలను చదవడానికి కీలకమైన ఆధారం.

తర్వాతి అర్ధశతాబ్ది చరిత్ర చీలికల చరిత్ర. దేవేంద్రనాథ ఠాగూర్ నాయకత్వంలో వేదాల ప్రామాణ్యం చర్చకు వచ్చింది. అక్షయకుమార్ దత్త వంటివారి వాదాల ఒత్తిడితో, కాశీకి పంపిన విద్యార్థుల వేదాధ్యయన నేపథ్యంలో, వేదాలు దోషరహితాలన్న విశ్వాసాన్ని సమాజం విడిచిపెట్టింది. ఒక మతసమాజం తన మూలగ్రంథాన్ని పరీక్షకు పెట్టి, ఆ పరీక్ష ఫలితానికి కట్టుబడడం అరుదైన సంఘటన. జిజ్ఞాస అనే మాటకు ఇక్కడ పూర్తి అర్థం కనిపిస్తుంది.

1866లో కేశవచంద్రసేన్ వర్గం వేరుపడింది. వేదిక నెక్కే ఆచార్యులు జంధ్యం ధరించవచ్చా అన్నది ఆ వివాదంలోని ముఖ్యాంశాల్లో ఒకటి. 1872లో బ్రహ్మసమాజీకుల కృషి ఫలితంగా వచ్చిన మూడవ చట్టం కులాంతర వివాహానికి చట్టబద్ధత ఇచ్చి, వధువు కనీస వయస్సును 14 ఏళ్లుగా నిర్ణయించింది. అయితే ఆ చట్టం కింద పెళ్లి చేసుకునేవారు తాము హిందూ, మహమ్మదీయ, క్రైస్తవాది మతాలలో దేనికీ చెందమని ప్రకటించవలసి ఉండేది. స్వేచ్ఛనిచ్చిన చట్టమే ఒక కొత్త సరిహద్దును కూడా గీసింది. 1878లో కేశవచంద్రుడు ఆ వయస్సు నిండని తన కుమార్తెను కూచ్ బిహార్ మహారాజుకిచ్చి వివాహం చేయడంతో నిరసన చెలరేగి, అదే సంవత్సరం మే నెలలో సాధారణ బ్రహ్మసమాజం ఏర్పడింది. నాయకుని అంతర్వాణికి బదులు సభ్యుల ఎన్నిక, లిఖితమైన నియమావళి దానికి ఆధారాలయ్యాయి.

ప్రతి చీలికలోనూ ఒకే క్రమం కనిపిస్తుంది. నిన్నటి సంస్కర్త నేటి అధికారి అవుతాడు. అతను నేర్పిన సూత్రాన్నే అతనికి ఎదురుగా నిలబెట్టి కొత్త తరం ప్రశ్నిస్తుంది. ఠాగూర్ ఈ చరిత్రకు దూరం నుంచి చూసినవాడు కాదు. తండ్రి దేవేంద్రనాథుని ఆదిబ్రహ్మసమాజానికి 1884లో కార్యదర్శి అయ్యాడు. కనుక ‘గోరా’లోని విమర్శ లోపలి మనిషి చేసిన విమర్శ.

3. పఠనం, పూజ - రెండు చిన్న పరీక్షలు:

నవలలో సమాజపు ఉదారత మొదట పుస్తకాల దగ్గర పరీక్షకు నిలుస్తుంది. హారాన్‌బాబు సమాజంలో పేరున్న యువనాయకుడు, విద్యావంతుడు, వక్త. రామాయణ భారతాలు, భగవద్గీత విగ్రహారాధకుల గ్రంథాలు కనుక వాటిని బ్రహ్మసమాజీకుల ఇళ్లకు దూరంగా ఉంచాలని అతని అభిమతం. పరేశబాబు మాత్రం ధర్మగ్రంథాలలో మనవి, పరాయివి అన్న గీత గీయడు. సుచరితతో కలిసి వాటిని చదువుతాడు.

ఇది కేవలం అభిరుచిభేదం కాదు. హారాన్‌బాబు దృష్టిలో చదవడమంటే ఒప్పుకోవడం. పరేశబాబు దృష్టిలో చదవడమంటే వినడం. మొదటి దృష్టిలో గ్రంథం ఒక పక్షానికి జెండా. రెండవ దృష్టిలో అది సంభాషణకు వచ్చిన మనిషి. వేదాన్ని పరీక్షకు పెట్టిన తరం నుంచి గీతను చదవడానికే జంకే తరం దాకా సమాజం ఎంత దూరం వచ్చిందో ఈ చిన్న వివరం పట్టి ఇస్తుంది. ప్రశ్నించడం మానేసినా, ఒకప్పుడు ప్రశ్నించిన ఫలితాలను కంఠస్థం చేస్తే చాలునన్న భావం హారాన్‌బాబులో స్థిరపడింది.

రెండవ పరీక్ష హరిమోహిని రాకతో వస్తుంది. ఆమె సుచరితకు పిన్ని వరస. అన్నీ పోగొట్టుకున్న వితంతువు, తన దేవుణ్ణి వెంటబెట్టుకుని వచ్చిన ఆచారవంతురాలు. పరేశబాబు ఆమెకు ఇంట్లో చోటిస్తాడు. ఆమె పూజకూ, మడికీ అడ్డు చెప్పడు. అతని భార్య వరదాసుందరి మాత్రం బ్రహ్మసమాజీకుల ఇంట్లో విగ్రహమా అని మండిపడి, ఆ వృద్ధురాలిని రకరకాలుగా బాధిస్తుంది. 1830 నాటి పత్రం పక్కన పెట్టి చూస్తే, ఇక్కడ సమాజ సూత్రాన్ని నిలబెట్టింది పరేశబాబే. ఇతరుల పూజావస్తువును కించపరచరాదన్న నియమాన్ని వరదాసుందరి సమాజం పేరుతోనే ఉల్లంఘించింది.

హరిమోహిని పాత్రను ఠాగూర్ ఆదర్శీకరించలేదన్నది గుర్తుంచుకోవాలి. సుచరిత తనకు సొంతంగా ఉన్న ఇంటికి ఆమెతో కలిసి వెళ్లాక, ఆ పెద్దామె పెత్తనం సుచరితను ఊపిరాడనివ్వదు. ఉదారతకు పాత్రులైనవారు తిరిగి ఉదారంగా ఉంటారన్న హామీ నవల ఇవ్వదు. ఆ హామీ లేకపోయినా పరేశబాబు చోటివ్వడమే అతని ఉదారతకు విలువ తెచ్చింది.

4. లలిత వివాహం - అసలు పరీక్ష:

పఠనం, పూజ విషయాల్లో ప్రశ్న బయటినుంచి వచ్చింది. లలిత విషయంలో అది ఇంటి నడిబొడ్డున పుట్టింది. మేజిస్ట్రేటు ఇంట్లో నాటకం ఆడడానికి పరేశబాబు కుటుంబం వెళ్లిన సమయంలోనే, గ్రామీణుల పక్షాన నిలిచిన గోరాకు అదే మేజిస్ట్రేటు జైలుశిక్ష విధిస్తాడు. ఆ అన్యాయాన్ని సహించలేని లలిత, నాటకంలో పాల్గొనకుండా వినయ్ ఎక్కిన స్టీమరులో ఒంటరిగా కలకత్తాకు తిరిగి వస్తుంది. ఆ ప్రయాణమే అపనిందకు దారితీస్తుంది.

లలిత చేసిన పనిలో సమాజం నేర్పనిది ఏదీ లేదు. అంతరాత్మకు సరి అనిపించనిది చేయరాదని ఆమె చిన్ననాటి నుంచి విన్న పాఠం. ఆ పాఠాన్ని ఆమె అక్షరాలా ఆచరించింది. కాని సమాజం ఆమె న్యాయబుద్ధిని చూడలేదు. ఒక యువతి ఒక పరాయి యువకునితో రాత్రి ప్రయాణం చేసిందన్న విషయాన్నే చూసింది. హారాన్‌బాబు ఈ నిందకు ప్రధాన వాహకుడు. ఆడపిల్లలకు చదువు చెప్పాలని లలిత చేసిన ప్రయత్నం కూడా ఆ ప్రచారం వల్ల నిలవలేకపోతుంది. స్త్రీవిద్యను తన ఘనతగా చెప్పుకునే సమాజంలోనే ఒక స్త్రీ పరువు పేరుతో ఒక బాలికా పాఠశాల మూతపడడం నవలలోని తీవ్రమైన వ్యంగ్యాలలో ఒకటి.

వినయ్, లలితల పెళ్లి ప్రస్తావన వచ్చినప్పుడు సమాజం ముందున్న ప్రశ్న స్పష్టం. వినయ్ బ్రహ్మధర్మ దీక్ష తీసుకుంటే అభ్యంతరం ఉండదు. అతను మొదట అందుకు సిద్ధపడతాడు కూడా. పెళ్లి కోసం తీసుకునే దీక్ష సత్యం కాదని పరేశబాబు సంశయిస్తాడు. తన కోసం అతను తన సమాజాన్ని వదులుకోవడానికి లలిత ఒప్పుకోదు. చివరకు సాలగ్రామం లేకుండా హిందూ పద్ధతిలో పెళ్లి జరగాలన్న నిర్ణయానికి వస్తారు. మతప్రకటన ద్వారా మాత్రమే వివాహస్వేచ్ఛ నిచ్చిన 1872 నాటి చట్టం నీడ ఈ ఘట్టం మీద పడిందనిపిస్తుంది. మనిషి తాను ఏది కాదో ప్రకటించిన తర్వాతే ప్రేమించే హక్కు దొరకాలా అన్న ప్రశ్న ఆ జంట రూపంలో నిలబడుతుంది.

ఈ పెళ్లిని హారాన్‌బాబు వ్యతిరేకిస్తాడు. గోరా కూడా వ్యతిరేకిస్తాడు. ఒకరు బ్రహ్మసమాజం పేరుతో, మరొకరు హిందూసమాజం పేరుతో. సిద్ధాంతాలు వేరైనా ఇద్దరి వాదంలోనూ సమాజమే మొదటిది, మనిషి తర్వాతివాడు. ఈ సమాంతర నిర్మాణం వల్ల ఛాందసం అనేది నమ్మకాల జాబితాలో ఉండదని, నమ్మకాన్ని పట్టుకునే తీరులో ఉంటుందని నవల నిరూపిస్తుంది.

5. ఆనందమయి - సిద్ధాంతం లేని ఉదారత:

పరేశబాబుకు సాటిరాగల పాత్ర ఆనందమయి. ఆమె ఏ ఉదారవాద సమాజంలోనూ సభ్యురాలు కాదు. పండిత కుటుంబంలో పుట్టి ఆచారాల మధ్య పెరిగిన స్త్రీ. అనాథ అయిన ఐరిష్ శిశువును ఒడిలోకి తీసుకున్న రోజునే ఆమె ఆచారాన్ని విడిచిపెట్టింది. క్రైస్తవురాలైన పనిమనిషి లఛ్మియా చేతి నీళ్లు తాగుతుంది. అందుకోసమే గోరా తల్లి గదిలో భోజనం చేయడు, వినయ్‌నూ చేయనివ్వడు. వరదాసుందరి ముఖం తిప్పుకున్న లలిత పెళ్లికి పూనుకుని బాధ్యత వహించేది ఆనందమయే.

పరేశబాబు ఉదారత ఆలోచన నుంచి, ఉపాసన నుంచి వచ్చింది. ఆనందమయి ఉదారత ఒక సంబంధం నుంచి వచ్చింది. అయితే ఠాగూర్ జ్ఞానాన్ని తక్కువ చేసి మాతృహృదయాన్ని మాత్రమే కీర్తించాడని దీనిని బట్టి చెప్పడం సరికాదు. నవల ముగింపులో గోరా ఇద్దరి దగ్గరికీ వెళతాడు. అన్ని మతాలవారికీ తలుపులు తెరిచి ఉంచే దేవుని మంత్రం కోసం పరేశబాబును ఆశ్రయిస్తాడు. తర్వాత ఆనందమయి పాదాల దగ్గరకు వచ్చి, లఛ్మియా చేతి నీళ్లు అడుగుతాడు. మొదటిది భావం, రెండవది ఆచరణ. నీళ్లు అడగకుండా మంత్రంతో ఆగితే గోరా కూడా మరొక హారాన్‌బాబు అయ్యే ప్రమాదం ఉంది.

6. పరేశబాబు ఒంటరితనం:

పరేశబాబు పాత్రను నిర్దుష్టమైన ఆదర్శంగా స్వీకరించే ధోరణిని ఇక్కడ కొంత ప్రశ్నించవలసి ఉంది. అతను ఎవరినీ నిందించడు, ఎవరినీ బలవంతపెట్టడు. కాని తన సమాజంతో వాదించి దానిని మార్చే ప్రయత్నమూ గట్టిగా చేయడు. అతని ఉదారత మౌనంలోకి, ఏకాంత ప్రార్థనలోకి ఒదిగిపోతుంది. వేదిక, పత్రిక హారాన్‌బాబు వంటివారి చేతిలోనే ఉంటాయి. నవల ముగిసేసరికి వ్యక్తులు విముక్తులవుతారు. సమాజం మాత్రం ఉన్నచోటనే ఉంటుంది.

అందువల్ల నవల ఒక ప్రశ్నను మిగుల్చుతుంది: ఉదారత వ్యక్తి గుణంగా కాక, సంస్థ స్వభావంగా నిలవగలదా? ఠాగూర్ జీవితంలోనే జరిగిన ఒక సంఘటన ఈ ప్రశ్నకు పాక్షికమైన సమాధానం ఇస్తుంది. ఠాగూర్‌ను సాధారణ బ్రహ్మసమాజం గౌరవసభ్యునిగా ఎన్నుకోవాలని యువతరం కోరగా, పెద్దల్లో కొందరు తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. ప్రశాంతచంద్ర మహలనోబిస్, సుకుమార్ రాయ్ వంటి యువకులు ఉద్యమించారు. ఠాగూర్ ఎందుకు కావాలో వివరిస్తూ మహలనోబిస్ ఒక చిన్న పుస్తకమే రాశాడు. 1921లో ఆ ఎన్నిక జరిగింది. హారాన్‌బాబును చిత్రించిన రచయితను హారాన్‌బాబు వంటివారు కూడా ఉన్న సమాజమే, వాదించుకుని, ఓటు వేసుకుని లోపలికి పిలిచింది. పరేశబాబు మౌనం సాధించలేనిది యువకుల వాదం సాధించింది. 1878లో రాసుకున్న నియమావళి ప్రయోజనం అక్కడ కనిపిస్తుంది. మంచి మనసుకు తోడు, భిన్నాభిప్రాయం గెలవగలిగే పద్ధతి కూడా ఉంటేనే ఉదారత సంస్థలో బతుకుతుంది.

7. తెలుగునేలపై ఇదే ప్రశ్న:

1864లో కేశవచంద్రసేన్ మద్రాసు పర్యటన తర్వాత అక్కడ వేదసమాజం ఏర్పడింది. అదే తర్వాత దక్షిణభారత బ్రహ్మసమాజమైంది. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం, కాకినాడలో రఘుపతి వేంకటరత్నం నాయుడు ఈ భావధారకు తెలుగునాట ప్రధాన ప్రతినిధులు. 1881 డిసెంబరు 11న వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహం, పిఠాపురం రాజావారి కళాశాలకు అధ్యక్షుడుగా వేంకటరత్నం నాయుడు స్త్రీలకు, అస్పృశ్యులుగా పరిగణింపబడిన వర్గాల విద్యార్థులకు కల్పించిన అవకాశాలు ఈ సమాజపు ఉదారతకు బలమైన సాక్ష్యాలు.

వేశ్యా సమస్య దగ్గర ఆ ఉదారతకు హద్దు ఎదురైంది. నాచ్ వ్యతిరేకోద్యమం సంఘశుద్ధిని కోరింది. ఆ వృత్తిలోని స్త్రీలు ఏమనుకుంటున్నారో వినాలన్న జిజ్ఞాస అందులో తక్కువ. ఈ లోటును తెలుగు సాహిత్యం ముందే పసిగట్టింది. 1909 నాటి ‘కన్యాశుల్కం’ మలికూర్పు చివరి అంకంలో నాచ్ వ్యతిరేకి అయిన సౌజన్యారావు ఎదుటికి మధురవాణి పురుషవేషంలో వస్తుంది. సౌజన్యారావును బ్రహ్మసమాజీకుడని గురజాడ చెప్పలేదు. అయినా అతని నియమనిష్ఠ ఆనాటి సంఘశుద్ధి ఉద్యమానిదే. తాను చూడనని నియమం పెట్టుకున్న మనిషితోనే అతను మాట్లాడవలసి వస్తుంది. మొదట చలించినా, ఆమె మాటను వింటాడు. అతని నియమం సడలగలిగిన క్షణంలో, చెడనివారిని చెడగొట్టనని తల్లికిచ్చిన మాట కోసం మధురవాణే వెనక్కి తగ్గుతుంది. నీతి ఎవరి పక్షాన ఉందన్న లెక్క అక్కడ తారుమారవుతుంది. లలిత, మధురవాణి వేర్వేరు లోకాల స్త్రీలు. అయినా సంస్కర్తకు అతని పాఠాన్నే తిరిగి వినిపించిన వారిగా ఇద్దరూ ఒకే వరుసలో నిలుస్తారు.

చలం ఈ క్రమంలో తర్వాతి మెట్టు. కాకినాడ విద్యార్థిదశలో వేంకటరత్నం నాయుడి ప్రభావంతో ఆయన బ్రహ్మసమాజం వైపు ఆకర్షితుడయ్యాడు. కులాన్ని, ఆచారాన్ని ధిక్కరించే ధైర్యం ఆయనకు అక్కడ దొరికింది. ఆ ధైర్యంతోనే స్త్రీపురుష సంబంధాలను, వివాహవ్యవస్థను ప్రశ్నించడం మొదలుపెట్టాక, సమాజ నీతినియమాలకూ ఆయనకూ పొసగలేదు. ‘మైదానం’ నాటికి ఆ దూరం పూర్తి అయింది. తెలుగు సాహిత్యచరిత్రలు వీరేశలింగాన్ని సంస్కరణ అధ్యాయంలో, చలాన్ని తిరుగుబాటు అధ్యాయంలో ఉంచుతాయి. ‘గోరా’ వెలుగులో చూస్తే ఈ విభజన అసంపూర్ణం. అంతరాత్మే ప్రమాణమన్న ఒకే సూత్రం ఒకరి చేతిలో వితంతు వివాహంగా, మరొకరి చేతిలో వివాహం మీద ప్రశ్నగా మారింది. చలం చేరిన నిర్ణయాలన్నింటినీ అంగీకరించనక్కర లేదు. ఆయన ప్రశ్న ఆ సమాజపు వాకిట్లోనే మొలిచిందని గుర్తించడం అవసరం.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

• బ్రహ్మసమాజ చరిత్రలో చీలికలను కేవలం బలహీనతగా చూడరాదు. సమాజం తన సూత్రాన్ని తనకే అన్వయించుకున్న సందర్భాలు అవి.

• ‘గోరా’లో హారాన్‌బాబు ఉదార సిద్ధాంతం కలిగిన ఛాందసుడు. ఉదారత గుర్తింపుగా మారి, జిజ్ఞాస ఆగిపోయినప్పుడు ఏర్పడే స్థితికి అతను ప్రతినిధి.

• హరిమోహినికి చోటివ్వడం పరాయి విశ్వాసం పట్ల ఉదారత. లలిత పెళ్లిని అంగీకరించడం సొంత బిడ్డ స్వేచ్ఛ పట్ల ఉదారత. రెండవదే కష్టమైనది. సమాజం విఫలమైనదీ అక్కడే.

• పరేశబాబు వ్యక్తిగత ఔన్నత్యం సమాజాన్ని మార్చలేదు. 1921 నాటి ఎన్నిక సూచించినట్లు, భిన్నస్వరానికి గెలుపు సాధ్యమయ్యే పద్ధతి సంస్థకు అవసరం.

• తెలుగులో వీరేశలింగం, వేంకటరత్నం నాయుడు, చలం రచనలను, కృషిని విడివిడి అధ్యాయాలుగా కాక, ఒకే అంతర్గత వాదంలోని ఘట్టాలుగా పరిశీలించడానికి అవకాశం ఉంది. ఈ దిశలో మరింత పరిశోధన జరగవలసి ఉంది.

తలుపులు తెరవడం ఏ సమాజానికైనా ఒక రోజు పని. లోపల పెరిగినవారు ఆ తలుపుల గుండానే బయటికి నడిచినప్పుడు, వారు ఏం చూసి వచ్చారో అడిగి తెలుసుకోవడం తరతరాల పని. ఆ అడగడం మానేసిన ఇంట్లో పుట్టిన కథే లలితది.